సున్నంలో సున్న

శ్రీవారికి నమస్కరించి రాసేది. ఇక్కడ మేమిద్దరం కులాసా. మీరూ కులాసాయేనని రాశారు గానీ ఉత్తరం చివర అక్షరాలు వంకర్లు పోయాయి. దగ్గు తగ్గలేదని నా అనుమానం. వంటగది కుళాయి కారడం ఆగిందా అని అడిగారు. ఆగింది. బాగుచేసినవాడు వెళ్తూ వెళ్తూ నవ్వాడు, మళ్లీ పిలవాలని ఏదో వదులుగా ఉంచి ఉంటాడు.

మీ చెల్లెలు పిచ్చుకతో సర్దుకుపోతున్నావా అనీ అడిగారు. ఆ మాట ఊరికే వచ్చి ఉండదు. మీ చెవిలో ఎవరు ఊదారో నాకు తెలుసు. ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఇంట్లోనూ, పరిశోధనశాలలో పక్క బల్ల దగ్గరా తనే కాబట్టి నాకు మీరు లేని లోటేమీ లేదు.

మా పని మీకు చెప్పాను కదా. బాక్టీరియా విషం కణం పైపొరకు బెజ్జాలు పొడుస్తుంది. చుట్టూ ఉన్న నీళ్లలో కాల్షియం ఉంటే ఆ బెజ్జంలోంచే లోపలికి వెళ్తుంది. దాంతో కణానికి తెలివొచ్చి, చిల్లుపడ్డ చోటును బుడగలా తుంచి బయట పారేసి, పొరను మళ్లీ కలిపేసుకుంటుంది. కాల్షియం లేకపోతే చిల్లు పడిన కబురే అందక చచ్చిపోతుంది. కాల్షియాన్ని మేం సున్నం అంటాం. రెండు ఉప్పునీళ్ల సీసాల మీద మీ చెల్లెలే పెన్నుతో రాసింది. అది కలిసినదాని మీద "సున్నం", కలవనిదాని మీద "సున్న". రాసి తనే పడీపడీ నవ్వింది.

కొన్నాళ్లుగా, సున్న నీళ్లలో చావాల్సిన నా కణాలు చావడం మానేశాయి. విషం తయారుచేసేది తను. పలచన చేస్తోందనుకున్నాను. నేను రాగానే ఫ్రిజ్ తలుపు ఎందుకు మూశావని అడిగితే, చల్లదనం పోతుందంది. అంత వెంటనే జవాబు వచ్చిందంటే ముందే తయారుచేసుకుని ఉండాలి. ఆ తరవాత ఫ్రిజ్ తాళంచెవి నా చేతికొచ్చింది. విషం నేనే చేసుకున్నాను. అయినా కణాలు బతికాయి. తన దగ్గర మారుతాళం ఉందనుకున్నాను.

నిన్న ఆ సీసాలు పక్కపక్కన కనిపించాయి. రెండింటి మీదా "సున్న"! దొంగ దొరికిందని మనసులో అనుకుని తనను పిలిచి చూపించాను. తను సీసాలను వదిలేసి నా చేతి తొడుగు వంక చూసింది.

"వదినా, నీ బొటనవేలు చూసుకో" అంది.

వేలంతా నల్ల సిరా. ప్రతి సీసానూ స్పిరిట్‌తో తుడిచిగానీ బల్ల మీద పెట్టని నా శుభ్రం మీకు తెలిసిందే. పట్టుకున్నప్పుడల్లా వేలు "సున్నం" చివరి సున్న మీదే పడుతోంది. అది కాస్తా చెరిగిపోయింది. సున్నం నీళ్లే పోస్తూ కణాలు ఎందుకు చావవని ఏడ్చాను.

ఇక మీకు రాయకుండా దాచింది. తాళంచెవి నా చేతికి ఊరికే రాలేదు. మీ చెల్లెలు కావాలనే విషం పాడుచేస్తోందని మా పరిశోధనశాల పెద్దాయనతో చెప్పాను. ఆయన తన దగ్గరున్న తాళంచెవి లాక్కుని నాకిచ్చి, తనను గాజుసామాను కడగడానికి పెట్టాడు. ఆ సాయంత్రం తను ఇంటికొచ్చి, ఎవరో చాడీలు చెప్పారు వదినా అని ఏడిస్తే మంచినీళ్లిచ్చింది నేనే.

ఈరోజు పెద్దాయనకు నా తప్పు చెప్పాను. తన పని తనకిచ్చాడు. "నువ్వే లేకపోతే నా మీద మచ్చ పోయేదా" అని తను నా చేతులు పట్టుకుంది. ఇప్పుడు ఆ చాడీలు చెప్పిందెవరా అని ఊడ్చే మనిషి దగ్గర్నుంచి గేటు దగ్గరి కాపలాదారు దాకా అందరినీ అనుమానిస్తోంది, నన్ను తప్ప. నాకు సిగ్గుగా ఉంది, భయంగానూ ఉంది. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేదు. అందుకే ఈ కవరు అంటించకుండా, చదివి పోస్టు చెయ్యమని తన చేతికే ఇస్తున్నాను.

ఇట్లు,
వదిన అనిపించుకోవడానికి ఇంకా అర్హత ఉందో లేదో తెలియని
మీ ఆవిడ

అన్నయ్యా, చదివాను. వదినతో ఇంకా మాట్లాడలేదు. కవరు మాత్రం నేనే అంటించాను.
— పిచ్చుక