పిలిస్తే వచ్చినందుకు

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ, అమ్మా, నీ కుక్క బొత్తామూ క్షేమం. ఆ కొండ మీది చలికి నువ్వెలా ఉన్నావోనని అమ్మకు ఒకటే బెంగ. ఫోను కూడా అందని చోట వాతావరణ కేంద్రం కట్టినవాళ్లెవరో గానీ, వాళ్లకు మనింట్లో అమ్మ చేత రోజూ అక్షింతలు పడుతున్నాయి.

నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాలికి కాస్త నయమే గానీ పూర్తిగా వంగదు. మిషను తొక్కడం పొద్దున పూటే పెట్టుకున్నాను. అమ్మకు కళ్లద్దాలు మార్పించాం. ఇప్పుడు నా వంకర కుట్లన్నీ ఆవిడకు కనిపిస్తున్నాయి, నా పని అయిపోయింది. బొత్తాం తిండి బాగానే తింటోంది.

ఈల వేస్తే అది ఇంకా పరిగెత్తుకొస్తోందా అని మళ్లీ అడిగావు. రెండో ఈల అక్కర్లేకుండానే వస్తోందని కిందటి ఉత్తరంలో రాశాను. అది అబద్ధం తల్లీ. ఈ మాట రాయడానికి ఇప్పటికి మూడు కాగితాలు చించాను.

వెళ్లేముందు నువ్వు మిషను పైన గోడకు అంటించిన కాగితం అలాగే ఉంది. "రెండు పొట్టి ఈలలు వేస్తే వస్తుంది. వచ్చిన ప్రతిసారీ చికెన్ ముక్క పెట్టాలి. ఏం చేసి వచ్చినా సరే, వచ్చాక తిట్టకూడదు." చివరి మాట కింద రెండు గీతలు కూడా గీశావు. నేను నవ్వాను. నలభై ఏళ్లుగా బట్ట నా మాట వింటోంది, కుక్క వినదా అన్నాను.

కిందటి ఉత్తరం రాయడానికి వారం ముందు ప్లీడరు గారి కోటు పూర్తిచేసి, ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించాను. తొమ్మిది రోజుల పని. ఇంకో గంటలో ఆయన వస్తారనగా అన్నానికి లేచాను. తిరిగొచ్చేసరికి కోటు కుడి చెయ్యి భుజం దగ్గర ఊడిపోయి బొత్తాం నోట్లో ఉంది. నన్ను చూడగానే అది కటింగు టేబుల్ కింద గోడ మూలకి దూరింది. వంగి లాగలేను. అప్పుడు నీ ఈల గుర్తొచ్చింది. గజంబద్ద వీపు వెనక పెట్టుకుని రెండు పొట్టి ఈలలు వేశాను.

వచ్చింది. తోక ఊపుకుంటూ వచ్చి, నువ్వు నేర్పినట్టే నా పాదాల ముందు కూర్చుని పైకి చూసింది. కొట్టాను. మొదటి దెబ్బకు అది పారిపోలేదు. లేచి, సర్దుకుని, ఇంకా నిటారుగా కూర్చుంది. కూర్చోవడం సరిగ్గా కుదరలేదనుకుంది కాబోలు. అయినా ఇంకో రెండు వేశాను. అమ్మ పరుగున వచ్చి బద్ద లాక్కుంది.

"మీరు పిలిస్తే వచ్చిందండీ అది," అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

కోటు బాగైంది. అతుకు ఎక్కడుందో ప్లీడరు గారు కనిపెట్టలేకపోయారు. బొత్తాం మాత్రం ఈల వింటే చాలు, మంచం కిందకి పోతోంది. నేను వేసినా అంతే, అమ్మ వేసినా అంతే. కూతురి మీద ఏనాడూ చెయ్యెత్తలేదని పదిమందిలో గొప్పలు చెప్పుకున్నవాణ్ణి. ఇప్పుడు దాని మొహం చూడాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

వచ్చే నెల సెలవు మీద వస్తావు. గుమ్మంలో సంచి దించి ముందు ఆ ఈలే వేస్తావు. అది దాక్కుంటుంది. ఇన్నాళ్లు దూరంగా ఉన్నందుకు మర్చిపోయిందనుకుని నువ్వు ఏడుస్తావు. నా తప్పుకు నిన్ను ఏడవనివ్వలేక ఇదంతా రాస్తున్నాను. ఈల మాత్రం వేయకు తల్లీ. నన్నేమన్నా అను, పడతాను.

పశువుల డాక్టరు గారి కాళ్లావేళ్లా పడి అడిగాను. పాత ఈల వదిలేసి కొత్త చప్పుడేదైనా మొదలుపెట్టమన్నారు, దగ్గరికి రమ్మని బలవంతం చేయొద్దన్నారు. ఇప్పుడు రోజూ ఉత్త కత్తెర రెండుసార్లు ఆడించి, ముక్క నేల మీద పెట్టి, కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చుంటున్నాను. పదిరోజులు అది కదల్లేదు. నిన్న వచ్చింది. కానీ నేరుగా ముక్క దగ్గరికి రాలేదు. ముందు నా కుర్చీ చుట్టూ తిరిగి, నా వీపు వెనక ఏముందో చూసుకుని, అప్పుడు తింది.

ఇట్లు,
తలొంచుకుని,
మీ నాన్న