నలభై ఒకటో తల

పార్కుల ఆఫీసు సూపరింటెండెంట్ గారికి,

నమస్కారం. చెరువు పార్కులో శనివారం ఉచిత పరుగు నడిపించేది నేనే. ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. అందరూ కండక్టరమ్మ అంటారు, మీరూ అలాగే అనండి.

కరోనా ఆంక్షలు ఎత్తేశారు. సినిమా హాళ్ళు తెరిచారు, పెళ్ళిళ్ళకి వందలమంది వెళ్తున్నారు. మా పరుగు మాత్రం రెండేళ్ళుగా ఆగిపోయే ఉంది. ఫీజు లేదు, బహుమతి లేదు. పొద్దున్న ఏడింటికి గేటు దగ్గర నిలబడి నేను "రైట్ రైట్" అంటాను, జనం చెరువు చుట్టూ పరిగెత్తో నడిచో తిరిగొస్తారు. అందరి వెనకా మా ఆయన నడుస్తారు. ఎంత నెమ్మదైన మనిషైనా 'నేనే ఆఖరు' అని చిన్నబుచ్చుకోకూడదని ఆ ఆఖరు స్థానం ఆయన తీసేసుకున్నారు. ఆఖరాయన అనే పిలుస్తారు అందరూ.

ఉన్నమాట చెప్తాను. ఆయనకి కరోనా వచ్చి తగ్గింది గానీ ఊపిరి ఇంకా కుదుటపడలేదు. నడిస్తేనే బాగుపడతారన్నాడు డాక్టరు. ఈయన గుమ్మం దాటరు. "పరుగు మొదలెట్టు, అప్పుడు నడుస్తా" అని ఒకటే మాట. ఈ నెలాఖరులోగా అనుమతి రాకపోతే శనివారం పొద్దుటి వేళని కుక్కలకి శిక్షణ ఇచ్చేవాళ్ళకి ఇచ్చేస్తారని మీ తోటమాలి చెప్పాడు. కాస్త సంతకం పెట్టి పుణ్యం కట్టుకోండి.

ఇట్లు,
తొందరలో ఉన్న కండక్టరమ్మ

తా.క. మా క్రమశిక్షణకి రుజువుగా పాత రిజిస్టరు జతచేస్తున్నాను. చూస్తే మీరే మెచ్చుకుంటారు.

*

కండక్టరమ్మ గారికి,

మీ దరఖాస్తు అందింది. పరిగెత్తేవారు ఒకరికొకరు ఆరడుగుల దూరం పాటించాలి. ఒకరినొకరు దాటరాదు.

రిజిస్టరు చూశాను. మెచ్చుకోలేకపోతున్నాను. అన్నీ మూసేయడానికి ముందు జరిగిన చివరి శనివారం పుటలో వెళ్ళినవారు నలభై ఒక్కరు, తిరిగి వచ్చినవారు నలభై మంది. ఆ ఒక్కరూ ఏమయ్యారు? మా దృష్టిలో ఆ పరుగు ఇంకా ముగియలేదు. పాతది ముగియకుండా కొత్తదానికి అనుమతి ఇవ్వడం కుదరదు.

భవదీయుడు,
సూపరింటెండెంట్

తా.క. పుటలో పేర్లు లేవు, గీతలే ఉన్నాయి. గీతను ఎక్కడని వెతకాలి?

*

సూపరింటెండెంట్ గారికి,

నమస్కారం. ఒకరినొకరు దాటకూడదంటే ముందు బయల్దేరినవాడే ముందొస్తాడు. దాన్ని పరుగంటారా, క్యూ అంటారా?

బస్సులో మేం ఎవర్నీ పేరడగం, తలలు లెక్కపెడతాం. ఎక్కితే ఓ గీత, దిగితే ఓ గీత. మా ఆయన్ని లెక్కలో వెయ్యను, డ్రైవర్ని ప్రయాణికుల్లో కలపం కదా. ముప్పై ఏళ్ళలో నా లెక్క ఒక్క తల తప్పలేదు. మీ ఉత్తరం చదివాక మాత్రం భయం వేసింది. ఈ రెండేళ్ళలో ఎంతమంది పోయారో మీకు తెలియనిది కాదు. ఎవరింట్లో ఏం వినాలో అనుకుంటూనే ఒక్కొక్కరికీ ఫోను చేశాను. నాకు తెలిసినవాళ్ళు ముప్పై ఎనిమిది మందీ దొరికారు, అందరూ క్షేమం. అందరూ తిరిగొచ్చామనే అంటున్నారు. బేకరీ ఆయన మాత్రం తను చుట్టంతా పరిగెత్తానని భార్యకి వినబడేలా రెండుసార్లు చెప్పాడు, అదే నాకు అనుమానం. ఇక ఆ రోజు కొత్తగా వచ్చినవాళ్ళు ముగ్గురు. వాళ్ళెవరో, ఎక్కడుంటారో నాకు తెలీదు.

పోనీ, లెక్క నేనే తప్పాను. అలాగే రాసేసి అనుమతి ఇవ్వండి. మా ఆయనకి ఈ గొడవ తెలియనివ్వలేదు. మీ ఉత్తరం కుట్టుమిషను సొరుగులో దాచాను.

ఇట్లు,
తల వంచిన కండక్టరమ్మ

తా.క. 'నేనే తప్పాను' అన్న మాట పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి రాయడం. మా ఆయనకి చెప్పకండి, అలవాటు చేసుకుంటారు.

*

కండక్టరమ్మ గారికి,

ఒక మనిషిని పొరపాటు అని రాసి కొట్టివేయడానికి నేను ఒప్పుకోను.

పార్కు గేటుకు ఈ ప్రకటన అంటించాం: "ఈ పార్కులో పరుగెత్తుతూ ఒక వ్యక్తి కనిపించకుండా పోయారు. వివరాలు తెలిసినవారు ఆఫీసుకు తెలపగలరు." చెరువులో పడవ వేసి వెతికించాం కూడా. తేలేవరకు శనివారాలు గేటు తెరవబడదు.

భవదీయుడు,
సూపరింటెండెంట్

తా.క. చెరువులో ఒంటి చెప్పులు ఏడు, కుర్చీ ఒకటి, 'ఇచట చెత్త వేయరాదు' అన్న మా ఆఫీసు బోర్డు ఒకటి దొరికాయి. వీటిలో మీవేమైనా ఉంటే తీసుకువెళ్ళండి.

*

సూపరింటెండెంట్ గారికి,

ఎంత పని చేశారండీ! మీ ప్రకటన చదివి జనం పార్కు ఛాయలకే రావడం లేదు. చెరువులో ఏదో మనుషుల్ని లాగేస్తోందని పుకారు. రోజూ నడిచేవాళ్ళు కూడా ఇళ్ళల్లో కూర్చున్నారు. నిన్న మా ఆయన రెండు మెట్లెక్కి మూడోదాని మీద కూలబడ్డారు. నాకు భయంగా ఉంది. ఉత్తరంలో రాయడానికి సిగ్గెందుకు, చాలా భయంగా ఉంది.

ఒక్క శుభవార్త. తప్పిపోయిన మనిషి దొరికాడు. ఒకరు కాదు, నలుగురు దొరికారు. బేకరీ ఆయన, సంగీతం టీచరు, నర్సమ్మ, పాల వ్యాను డ్రైవరు. తప్పిపోయింది నేనంటే నేనని నలుగురూ రాసి సంతకాలు పెట్టారు. జతచేశాను. మీకు నచ్చినవాళ్ళని తీసుకోండి.

ఇట్లు,
గుండె దడతో, కండక్టరమ్మ

తా.క. నర్సమ్మ కావాలంటే త్వరగా తేల్చండి, సోమవారం నుంచి ఆవిడకి డ్యూటీ.

*

కండక్టరమ్మ గారికి,

తిరిగి వచ్చినవారు నలభై, ఇప్పుడు దొరికినవారు నలుగురు, వెరసి నలభై నలుగురు. వెళ్ళినది నలభై ఒక్కరు. అదనంగా వచ్చిన ముగ్గురూ ఎవరు? బేకరీ ఆయన వాంగ్మూలంలో "నిజానికి ఆ రోజు నేను రాలేదు" అని కూడా ఉంది. అలాగైతే ఆయన గీత ఎవరిది?

గడువు ఇంకా నాలుగు రోజులు.

భవదీయుడు,
సూపరింటెండెంట్

తా.క. రెండో మలుపు దగ్గర ఆ ఉదయం ఏం జరిగిందో నలుగురిలో ఒక్కరూ రాయలేదు. అందువల్ల నలుగురూ అబద్ధమే.

*

సూపరింటెండెంట్ గారికి,

దాచింది దొరికిపోయింది. సూది కోసం సొరుగు తీసి, మీ ఉత్తరాలన్నీ మా ఆయన చదివేశారు. తరవాత మెల్లగా చెప్పారు.

"ఆ మనిషి కొత్తవాడే. నీలం చొక్కా. ఎడమ బూటు లేసు ఊడి వేలాడుతోంది, కట్టుకోమని రెండుసార్లు చెప్పా. రెండో మలుపు దగ్గర ఫోనొచ్చింది. అక్కడే కూలబడి ఏడ్చాడు. నేను అందుకునేలోగా పక్క గేటులోంచి వెళ్ళిపోయాడు. వస్తాడేమోనని బెంచీ మీద కూర్చున్నా. పార్కు మూసేదాకా కూర్చున్నా."

ఆ రోజు ఈయన ఇంటికి రాలేదన్న కంగారులో నేను గీతలు కూడలేదండీ. సాయంత్రం వచ్చి, వాచీ ఆగిపోయిందన్నారు. గడియారాలు బాగుచేసే మనిషి వాచీ ఆగిందంటే ఎలా నమ్మానో! మర్నాడే అన్నీ మూసేశారు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నిలదీశాను. "ముందున్నవాడు రాకుండా ఆఖరాయన గీత దాటకూడదు. పక్క గేటులోంచి ఇంటికొచ్చా, గీత దాటలేదు. ఆ పరుగు నాకింకా అవలేదు, ఇంకెక్కడికని నడవను?" అన్నారు. తిట్టబోయి ఏడ్చేశాను.

గడువు రేపటితో సరి. ఇక నేను చెప్పగలిగింది ఏమీ లేదు, మీ ఇష్టం.

ఇట్లు,
కండక్టరమ్మ

తా.క. అవునూ, రెండో మలుపు సంగతి మీకెవరు చెప్పారు?

*

అమ్మా,

ముందు మీరు కంగారు పడకండి. మీ ఆయన మా ఆఫీసులోనే ఉన్నారు. నా కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నారు, నేను నిలబడి రాస్తున్నాను.

మీ ఉత్తరం పోస్టులో వేస్తే రేపటికి అందదని, మీరు నిద్రలేవకముందే జేబులో పెట్టుకుని బయల్దేరారట. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్ల మీద ఆగి ఆగి వస్తున్న అడుగులు లోపలికి వినబడుతూనే ఉన్నాయి. ఎవరో పెద్దాయన అనుకుని పట్టించుకోలేదు. తలుపు తోసి వచ్చి, ఆయన నా మొహం చూడలేదు. బల్ల కింద నా కాళ్ళు చూశారు.

"ఇంకా కట్టుకోలేదా బాబూ?" అన్నారు.

నలభై ఒకటో తల నాదేనమ్మా. ఆ ఫోను ఆసుపత్రి నుంచి. మా అమ్మ పోయింది. మర్నాటి నుంచి అన్నీ మూసేశారు, మా ఇంటి గుమ్మంలోకి వచ్చి పలకరించిన మనిషి లేడు. మీ రిజిస్టరు రాగానే ముందు ఆ పుటే తీశాను. ఒక గీత తక్కువగా అలాగే ఉంది. కోపం వచ్చింది. ఒక మనిషి తగ్గితే నలభై మందిలో ఒక్కరికీ పట్టలేదా అనుకున్నాను. ఎవరైనా నా గురించి అడిగితే బాగుండునని, అధికారం ఉంది కదా అని, మీ చేతే అడిగించాను. నన్ను క్షమించండి. నా కోసం ఆ రోజే ఒకాయన పార్కు మూసేదాకా కూర్చున్నారని నాకు తెలియదు.

అనుమతి పత్రం జతచేశాను. గేటుకు అంటించిన ప్రకటన నేనే పీకేశాను. ఇక ఒక్క షరతే. శనివారం కొత్త పరుగుకు ముందు, ఆరున్నరకు, రెండో మలుపు నుంచి మిగిలిన దారి మేమిద్దరం నడుస్తాం. ముందు నేను, నా వెనక ఆయన. నా గీత మీరు గీసిన తరవాతే కొత్త పుట తిప్పాలి.

ఇట్లు,
తిరిగి వస్తున్న నలభై ఒకటో మనిషి

తా.క. దొరికిన నలుగురూ ఇప్పుడు అదనమే. బేకరీ ఆయనకు శిక్షగా శనివారం రెండు చుట్లు, భార్య చూస్తుండగా.

మరో తా.క. ఇది మీ ఆయన రాయమంటున్నారు. "రైట్ రైట్" గట్టిగా అనాలట. చెరువు అవతల మలుపు దాకా వినబడాలట.