మందు పడని వరుస

ఏప్రిల్ 4
సకల వృక్షజాతికీ, విజ్ఞానశాస్త్రానికీ, నా చేతిరాత చదవాల్సివచ్చే అభాగ్యులకీ సాష్టాంగపడి క్షమాపణలు. ఇందులో నీతి లేదు, కథానాయకుడు అసలే లేడు. డిగ్రీ ఉండి ఉద్యోగం లేని నేనున్నాను. వదిన పిహెచ్‌డి టమాటా మొక్కలకి కాపలా. జీతం: టీ.

గాజు షెడ్డులో రెండు వరుసలు. ఎడమ వరుసకి సాలిసిలిక్ యాసిడ్ స్ప్రే. మొక్క తనంతట తాను తయారుచేసుకునే హార్మోనేనట, ఆస్పిరిన్‌కి దగ్గర చుట్టం. కుడి వరుసకి ఉత్త నీళ్ల స్ప్రే. ఆ తర్వాత రెండిటికీ నీళ్లు బంద్, పైన ఎండ. మందు పడ్డవి తట్టుకోవాలి, పడనివి వాడిపోవాలి. అప్పుడే థీసిస్ నిలుస్తుంది. అవి వాడిపోకపోతే నేను వాడిపోతానయ్యా మరిదీ, అంది వదిన. నవ్వుతూనే అంది.

ఏప్రిల్ 9
కుడి వరుస వాళ్లతో స్నేహం కుదిరింది. ఏ నేరం చెయ్యకుండానే శిక్ష పడ్డవాళ్లు. అచ్చం ఇంటర్వ్యూ కాల్ రాని మా బ్యాచ్.

ఏప్రిల్ 12
భోజనాల దగ్గర అన్నయ్య ముక్కు మూసుకున్నాడు. ఏంట్రా ఆ కంపు, చేతులు కడుక్కుని చావు, అన్నాడు. కడుక్కున్నాను. టమాటా ఆకుల పసరు పోలేదు.

ఏప్రిల్ 15
నీళ్లు ఆపేశాం.

ఏప్రిల్ 22
కుడి వరుస వాడిపోలేదు. పొట్టిగా, బిగువుగా, పహిల్వాన్లలా నిలబడింది. ఈల వేయబోయి, వదిన ముఖం చూసి మింగేశాను.

ఏప్రిల్ 23
గైడ్ గారొచ్చారు. మరి నీ మందు ఏం చేసినట్టమ్మా, అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, నువ్వుగానీ నీళ్లు పోశావా, అన్నారు. ఒక్క చుక్క పోయలేదండీ, అమ్మతోడు, అన్నాను. నిజమే. వాడి నోటిని నమ్మకండి సార్, చేతిని మాత్రం నమ్మొచ్చు, అంది వదిన.

నెలాఖరులోగా కారణం తేల్చకపోతే టాపిక్ మార్చుకోమన్నారు. మూడేళ్ల పని.

ఏప్రిల్ 25
టీ లేదు. డోసు లెక్క నేనే తప్పానేమో, అంటుంది వదిన. పోనీ మానేయరాదూ, అన్నాడు అన్నయ్య. అదే ఆలోచిస్తున్నా, అంది. నేనో జోకేశాను. ఎవరూ నవ్వలేదు. నేను కూడా.

ఏప్రిల్ 27
వదిన గిన్నెలు తోముతూ తనలో తను మాట్లాడుకుంటోంది. గాలికి రోజూ ఊగి, ఒకదానికొకటి రాసుకునే మొక్కల్లో జాస్మోనేట్ అని ఇంకో హార్మోన్ పెరుగుతుందట. కాండం పొట్టిగా గట్టిపడుతుంది, మొక్క కష్టానికి ఓర్చుకుంటుంది. కానీ తలుపులేసిన షెడ్డులో గాలెక్కడిదీ, అంటూ గిన్నె పట్టుకుని అలాగే ఆగిపోయింది.

నేను నా చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

ఏప్రిల్ 28, ఉదయం
షెడ్డులో వదిన ముందు చేతులు చాపాను. వాసన చూసింది. కొడుతుందనుకున్నాను. ఒక్కోదాన్నీ ఎంతసేపు, ఎలా, అంటూ పెన్ను తీసింది.

చెప్పాను. నీళ్లు పోయలేదు. నిమిరాను. రోజూ సాయంత్రం, వాటికెవరూ లేరని.