పొగ వడగట్టే డబ్బా

బామ్మర్ది లింగస్వామికి,

నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి ఈ చీటీ మీ అక్క చేతికిచ్చి బడంగ్‌పేట్ పంపుతున్నాను.

నీ కారు మోత మోగాలని దాని పొగ వడగట్టే డబ్బా పీకి పారేశావు. పొల్యూషన్ పరీక్ష రోజున నా క్యాబ్ డబ్బా విప్పి నీ కారుకు బిగించుకున్నావు. మీ మెకానిక్ షెడ్డులో అందరూ చేసేదే కదా అని ఊరుకున్నాను. పరీక్ష అయ్యాక దాన్ని మళ్లీ నా బండికే బిగించానన్నావు. నువ్వు బిగించింది లోపల ఏమీ లేని ఉత్త రేకు డబ్బా అని ఈరోజు ఎల్‌బీ నగర్‌లో పొగ చూసి బండి ఆపిన ఆర్టీఏ ఆఫీసరు చెబితే తెలిసింది.

"నా బండి బీడీలు మరిగింది సార్, జర మాఫ్ చెయ్యిండ్రి" అన్నాను. ఆయన నవ్వలేదు. బండి అక్కడే పెట్టించుకుని, "రేపు పొద్దుగల్ల అసలు డబ్బా చూపియ్, లేకుంటే పర్మిట్ పోతది. ఎవడు మార్చిండో పేరు చెప్పు" అన్నాడు.

నీ పేరు ఇంకా చెప్పలేదు. చెబితే నీ షెడ్డుకు తాళం పడుతుంది. నాకా, ఆ క్యాబ్ లేకుంటే తిండి లేదు.

మీ అక్క ఇది కూడా నా పరాచికమే అనుకుని నవ్వుకుంటూ వస్తుంది. నువ్వు మాత్రం నవ్వకు. వెంటనే నీ కారు కిందికి దూరి ఆ డబ్బా విప్పి ఆమెకివ్వు. ఆమె వట్టి చేతులతో వస్తే రేపు ఆఫీసరు ముందు నేను నిజం చెప్పాల్సి వస్తుంది. నాకది అలవాటు లేని పని.

మీ బావ