కోతిని తీసేశాక

శనివారం రాత్రి, హాస్టల్

సోమవారం గైడ్ మేడమ్‌కి నేను పిల్లల కోసం ట్యాబ్‌లో చేసిన లెక్కల ఆట చూపించాలి. ఈసారీ కుదరకపోతే నా రీసెర్చ్ గడువు పెంచమని యూనివర్సిటీకి రాయనని ఆవిడ ముందే చెప్పేశారు.

పోయిన వారం తార్నాక చర్చి ట్యూషన్‌లో పిల్లలు ట్యాబ్ వదిలితే ఒట్టు. ఒకటే నవ్వులు. రూముకొచ్చి మార్కులు చూస్తే ఐదో తరగతి షారోన్‌కి ఇరవైకి సున్నా! ఒప్పు జవాబు నొక్కితే నక్షత్రం వస్తుంది, తప్పయితే కోతి బురదలో పడుతుంది. అది కోతిని పడెయ్యడానికే ఆడింది. ఇరవై భిన్నాల్లో పొరపాటున కూడా ఒక్కటి ఒప్పు కాలేదంటే దానికి జవాబులన్నీ వచ్చన్నమాట. అదే మేడమ్‌తో అంటే, "సున్నాలు రిపోర్టులో ఎలా పెడతావమ్మా? ముందు ఆ కోతిని తీసెయ్యి" అన్నారు.

తీసేశాను. ఇవాళ మళ్లీ పట్టుకెళ్లాను. షారోన్ రెండు లెక్కలు చేసింది. రెండూ ఒప్పే. తర్వాత స్క్రీనంతా వెతికింది.

"కోతి ఏదక్కా?"

"లేదమ్మా. నక్షత్రాలొచ్చాయి చూడు."

"గిది ఉత్త లెక్కలే కదా" అని ట్యాబ్ నా ఒళ్లో పెట్టి బయటికి పరుగెత్తింది. దాని వెనకే మిగతావాళ్లూ.

క్యాంపస్‌ దాకా నడిచే వచ్చాను. బస్సు ఎక్కాలని కూడా తోచలేదు. ఇప్పుడు ఏది చూపించను? సున్నాలొచ్చే ఆటా, ఎవరూ ఆడని ఆటా? రేపొక్కరోజే ఉంది.

ఏ పిల్లా 'ఉత్త లెక్కలే' అనకూడదనే కదా, మూడేళ్లుగా నేనీ ఆట చేస్తున్నది...