పురిటికి అమ్మే రావాలి

అమ్మా, నేను క్షేమం. నా పొట్ట నాకన్నా క్షేమం.

నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి ఈ కార్డు. తొలి కాన్పుకి పుట్టింటికి రానన్నానని నీకు కోపం. ఇప్పటికీ రాను. మన ఊరి ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూసేశారు. నొప్పులొస్తే జనవరి మంచులో కొండ కనుమ దాటి పట్నం పోవాలి. నాన్న ట్రక్కులో, ఎరువు బస్తాల నడుమ నీ మనవడో మనవరాలో ఈ లోకంలో అడుగుపెట్టడం నాకు సమ్మతం కాదు.

ఇక్కడ సెందాయి నగరంలో ఆసుపత్రి మా వీధి చివరే. పైగా రెంజి ఉన్నాడు. నిన్న కాబోయే తండ్రుల క్లాసులో నీ అల్లుడికి బరువైన ఉత్తుత్తి పొట్ట కట్టారు. కింద కూర్చున్నవాడు మళ్ళీ లేవలేకపోయాడు.

“మినోరీ, రోజూ ఇదేనా నీ బతుకు?”

“ఇది పగటి సంగతే బాబూ.”

“అయితే నువ్వెక్కడికీ వెళ్ళొద్దు. నేనుంటా” అంటూ అందరి ముందూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అలాంటివాడికి బిడ్డని ఫోటోలో చూపించమంటావా?

ఆచారం నేను తప్పలేదు, దాని దారి మళ్ళించానంతే. నువ్వే రా. పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ తే. నాన్న మోకాలు ఎలా ఉంది? మంచు తీస్తానని ఆయన్ని ఇంటికప్పు ఎక్కనివ్వకు.

కార్డు రాసింది కవరు దొరక్క కాదు. పోస్ట్‌మాన్ కుమగై మామయ్య చదవనిదే ఏ కార్డూ ఇవ్వడు. ఇది నీ చేతికొచ్చేసరికి నేను పిలిచానని ఊరంతా తెలిసిపోయుంటుంది. రానని వాళ్ళకే చెప్పుకో.

దీవెనలు పంపకు, తెచ్చివ్వు.

నీ మొండి కూతురు
మినోరి