అమ్మ నేల కింద నేల

అమ్మకు, డార్లా బోలెడంత ప్రేమతో రాస్తున్నది. తుల్సాలో నేనూ, రసెల్, పిల్లలూ కులాసాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గి, వరండా మెట్లు హాయిగా ఎక్కి దిగుతున్నావని తలుస్తాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను, లేకపోతే తిడతావు. బెండకాయ ముక్కలు మజ్జిగలో ముంచాకే మొక్కజొన్న పిండి అద్దాను. కరకరలాడాయి గానీ నీ చేతి రుచి రాలేదు. ఆ మాట రసెల్ నా మొహం మీదే అన్నాడు. ఆ పూట అంట్లు తనకే అప్పగించాను. చిన్నదానికి ముందు పన్ను ఊడింది. అమ్మమ్మకు చూపించాలని దాచుకుంది.

చమురు కంపెనీ తరఫు లీజుల మనిషి కాగిల్ మళ్ళీ వచ్చాడని, గురువారం ఇంకోసారి వస్తానన్నాడని రాశావు. "నేను సంతకం పెడితే గదా నువ్వు తవ్వేది. వెర్నా టిబ్బెట్స్ బతికుండగా ఇక్కడ గునపం దిగదని మీవాళ్ళతో చెప్పుకో పో," అని మొహాన తలుపేశావట. చదివి పకపకా నవ్వాను. పక్కింటి ఒలీటా అత్త ఆ ముచ్చట చర్చి అంతా చాటి ఉంటుంది.

కానీ అమ్మా, ఆ సంతకం వాళ్ళకు అక్కర్లేదు. నేల నీదే, నేల కింద ఉన్నది నీది కాదు. కరువు రోజుల్లో తాతయ్య కింది హక్కు అమ్మేసి పైనేల నిలబెట్టుకున్నాడని ఊళ్ళో అనేవారు, నువ్వు నమ్మేదానివి కాదు. అది నిజమే. ఆ హక్కు కొన్నవాళ్ళు చమురు కంపెనీకి లీజుకిచ్చారు. నీకు జరిగే నష్టం కట్టిస్తే చాలు, కంపెనీ బావి తవ్వుకోవచ్చు. కాగిల్ వచ్చేది బావి ఎక్కడ వేయాలో నీతో మాట్లాడటానికి. నువ్వు తలుపేస్తే తమకు అనువైన చోటు వాళ్ళే చూసుకుంటారు. వాళ్ళ కన్ను నాన్న నాటిన పెకాన్ చెట్ల తోట మీద ఉంది.

నీకెలా తెలుసే అంటావు. చెప్పలేకే ఇందాకటి నుంచి బెండకాయల గురించి రాస్తూ కూర్చున్నాను. మన ఊరి పొలాల కింది హక్కులు ఎవరివో తేల్చే పనిని కంపెనీ మా ఆఫీసుకిచ్చింది. ఆఫీసు నాకిచ్చింది. మన పొలం ఉందని చూసిన రోజే తప్పుకోవలసింది. ఊరి మాట అబద్ధమని తేలుతుందేమో, నీకు ఫోన్ చేసి మురిపించవచ్చని ఆశపడ్డాను. తేలలేదు. ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టాను. వాళ్ళకు దారి తెరిచింది నా సంతకమే అమ్మా.

నిన్న మా మేనేజరుకు అంతా చెప్పేశాను. "ముందే చెప్పాల్సింది గదమ్మా, ఇప్పుడు నిన్నెట్లా వెనకేసుకు రాను?" అని తల పట్టుకున్నాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. "పోతే పోయింది, ముందు మీ అమ్మ దగ్గరికెళ్ళు," అన్నాడు రసెల్.

గురువారం కాగిల్‌ను లోపలికి రానిచ్చి కాఫీ ఇవ్వు. చేతిలో వేడి కప్పుండగా ఏ లీజుల మనిషీ తొందరపెట్టలేడు, నేనూ ఆ పని చేసినదాన్నే, అనుభవంతో చెబుతున్నాను. నేను బుధవారమే వచ్చేస్తాను. ఎందరి వంటింటి బల్లల దగ్గరో కంపెనీ వైపు కుర్చీలో కూర్చున్నాను. ఈసారి నీ పక్కన కూర్చుని, బావిని ఉత్తరపు బీడుకు జరిపించేదాకా లేవను.

కోపమొస్తే బుధవారం సాయంత్రమంతా తిట్టు, పడతాను. గురువారం ఆయన వచ్చి, ఈమె ఎవరని అడిగితే మాత్రం, నా కూతురని చెప్పు.

ఇట్లు,
నీ కూతురు
డార్లా